జుట్టు పిండుకునే వీరుడు

తరిగొప్పుల. ఆరుద్ర కార్తె, ఆదివారం రాత్రి.

సాయంత్రం వాన వెలిసాక మనవరాలు స్రవంతి ఫోన్‌లో ఒక బొమ్మ చూపింది. ఆరుద్ర పురుగంత ఎర్రటి రాయి. వెనకవైపు పురుగులాగానే చెక్కారట. ముందువైపు ఒక వీరుడు వంగి తడి జుట్టు పిండుకుంటున్నాడు.

"ఇటలీల ఎనుకట ఎట్రుస్కన్లని ఉండేటోళ్లు తాతా. గింత రాయి మీద గిట్ల చెక్కిన్రు. ఇంకా అరగలే, సూడు," అంది.

నా చూపు నా భార్య లచ్చవ్వ మెడ మీదికి పోయింది. మా పెళ్లినాడు, చనిపోయిన మొదటి భార్య ఎల్లవ్వ బొమ్మ చెక్కించి ఆనవాయితీగా లచ్చవ్వ మెడలో కట్టిన వెండి బిళ్ళ పూర్తిగా అరిగిపోయింది. రేపు జనగామలో వెండిపని చేసే అవుసులాయన దగ్గర మళ్లీ చెక్కిద్దామంటుంది లచ్చవ్వ. ముఖం ఎట్లుండేదని ఆయన అడిగితే ఏం చెప్పాలి? ఎల్లవ్వ ముఖం నాకు గుర్తు రావడం లేదు. ఫొటో కూడా లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆ రాయినే చూస్తూ కూర్చున్నాను. మెల్లగా బావి దగ్గర ఎల్లవ్వ కనిపించింది. ముఖం కాదు... వంగిన వీపు, జుట్టు పిండే చేతులు, బండ మీద పడే నీళ్లు.

"గిట్ల జుట్టు పిండుకుంటున్నట్టు చెక్కుమందాం," అన్నాను.

లచ్చవ్వ మెడలోని బిళ్ళను వేళ్లతో తడిమింది. "అక్క ముఖం యాదికి లేదా?"

తల దించుకున్నాను.

"పోనీ తియ్యి. అక్క తల ఆరేదాక నా మెడనే తడుస్తది," అని నవ్వింది.

ఇప్పుడు నిద్రపోయింది. బిళ్ళ ఆమె చెంప కిందికి జారింది. చూరు నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.