శనివారం క్యారేజీ

నన్నీ పనిలో ఇరికించి చల్లగా జారుకున్న పిచ్చుకకి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావట్లేదు. నర్సు ఉద్యోగంలో బదిలీ అయి వెళ్తూ వెళ్తూ, "అక్కా, చర్చివాళ్ళ శనివారం భోజనాల్లో నా వంతు నువ్వు చూడు, ఒక్క ఇల్లే" అన్నావు. ఆ ఒక్క ఇల్లు వంద ఇళ్ళ పెట్టు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, పైన మీ కుట్టుమిషన్ మామ్మగారు. మోకాళ్ళు పట్టేసి నాలుగేళ్ళుగా మెట్లు దిగని మనిషి కదా అని జాలిపడి వెళ్తే, క్యారేజీ మూత తియ్యగానే "సూపులో ఉప్పు లేదు" అంటుంది. నేను వండానా? వండింది చర్చి వంటగదిలో. మోసింది నేను. పోనీ ఇచ్చేసి వచ్చేద్దామంటే, "ఒక్కదాన్నే తింటే ముద్ద దిగదు, కూర్చో" అని రెండో కంచం పెడుతుంది. నేను తినేదాకా తను చెంచా ముట్టదు. నేను లేవగానే నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకుంటుంది. పాస్టరుగారికి నా మీద చాడీలే అయ్యుంటాయి. వచ్చే నెల నుంచి నావల్ల కాదు.

ప్రభువు నీకు కాస్త బుద్ధి ఇవ్వాలని కోరుకుంటూ,
అక్క

*

ప్రియమైన కోపిష్టి అక్కకి,

మానకు, నీ కాళ్ళు పట్టుకుంటాను. బావ పోయి ఎనిమిది నెలలైంది. నేను ఫోన్ చేస్తే తియ్యవు, అందుకే ఈ ఉత్తరాలు. వచ్చేముందు నీ వంటింట్లోకి తొంగిచూశాను. స్టవ్ మీద దుమ్ము పేరుకుంది. బిస్కెట్లు టీలో ముంచుకుని బతుకుతున్నావు. చర్చికి వస్తావు, చివరి పాట అవకముందే వెళ్ళిపోతావు. ఇక ఆ శనివారం కూడా లేకపోతే నువ్వేమైపోతావోనని నాకు భయం. మామ్మగారు పెడితే తిను, నీ సొమ్మేం పోయింది? నోట్‌బుక్కు సంగతి వదిలెయ్.

నీ కోసం రోజూ ప్రార్థన చేసే
పిచ్చుక

*

పిచ్చుకకి,

ఆ ప్రార్థనేదో మామ్మగారి నోటి కోసం చెయ్యి. పోయిన వారం నేను వేసుకున్న స్వెట్టర్‌కి మోచేతి దగ్గర చిరుగు చూసి, "విప్పు, కుడతాను" అంది. అది మీ బావ స్వెట్టర్. ఆ మాట చెప్పబోయి అరగంట ఆయన గురించే మాట్లాడాను. చివరికి ఏడుపొచ్చింది. "ఏడిస్తే ఏడువు గానీ, సూది గుచ్చుకుంటుంది, అటు జరిగి ఏడువు" అంది. ఇదీ ఆవిడ ఓదార్పు.

ఇంకో తలనొప్పి. నోటీసు బోర్డుకి అంటించమని పాస్టరుగారు శనివారం భోజనాల జాబితా ఇచ్చారు. ముప్పై ఏళ్ళు స్కూలు ఆఫీసులో రిజిస్టర్లు రాసినదాన్ని, తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. 'సేవ చేసేవారు' కింద మామ్మగారి పేరు, 'సేవ అందుకునేవారు' కింద నా పేరు. రెండూ ఎర్ర పెన్నుతో కొట్టేసి, అటుదిటు మార్చి ఇచ్చాను. పాస్టరుగారు నీళ్ళు నమిలి, "మీ చెల్లెల్ని అడగండమ్మా" అన్నారు. అడుగుతున్నాను.

జవాబు కోసం కాచుక్కూర్చున్న
అక్క

*

ప్రియమైన అక్కకి,

తిట్టు, పడతాను. జాబితాలో తప్పు లేదు.

మామ్మగారికి భోజనం రోజూ పక్కింటివాళ్ళు చూస్తారు. క్యారేజీలో వెళ్ళేది నీ భోజనం. "అందరూ నాకు చేసేవాళ్ళే, నా చేత ఎవరికీ చేయించరా? కాళ్ళు లేకపోతే ప్రభువు పనికి కూడా పనికిరానా?" అని ఆవిడ ఓసారి నన్ను నిలదీశారు. నేను నీ పేరు చెప్పాను. నోట్‌బుక్కులో రాసేది నువ్వెంత తిన్నావో. ప్రతి వారం నాకు ఫోన్‌లో చదివి వినిపిస్తారు. మొదటి వారం: 'రెండు చెంచాలు.' పోయిన వారం: 'గిన్నె ఖాళీ. ఏడ్చింది, మంచిదే.'

క్షమించమని అడిగే ముఖం లేని
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివి ఒళ్ళు మండిపోయింది. నా మెతుకులు లెక్కపెట్టడానికి మీకు నోట్‌బుక్కు కావాల్సొచ్చిందా? శనివారం వెళ్ళలేదు. తలుపేసుకుని కూర్చున్నాను.

ఒంటిగంటన్నరకి తలుపు చప్పుడైంది. తీస్తే మామ్మగారు, పక్కన ఆటో డ్రైవరు, ఆవిడ చేతిలో క్యారేజీ. నేను రాలేదని పాస్టరుగారు తీసుకెళ్ళి ఇస్తే, ఆ మూడంతస్తులూ ఒక్కో మెట్టు మీదా కూర్చుని దిగిందట. "పడితే ఏమయ్యేది?" అని అరిచాను. "నువ్వు తినకపోతే ఏమయ్యేది? జాబితాలో ఉన్నది నా పేరు" అని లోపలికొచ్చి మీ బావ కుర్చీలో కూలబడింది. ఎనిమిది నెలలుగా నేనే కూర్చోని కుర్చీ అది.

సూపు చల్లారిపోయింది, పైగా ఉప్పు లేదట. లేచి స్టవ్ తుడిచి వెలిగించాను.

ఇప్పుడు ఈవిడని మళ్ళీ పైకి ఎక్కించేదెలాగో నువ్వే చెప్పు. నాలుగు రోజులైంది. కర్టెన్లు వంకర అంటుంది, నా నడక చప్పుడు అంటుంది. తల ప్రాణం తోకకొస్తోంది. రెండు పూటలా వండుతున్నాను, ఏం చెయ్యను మరి. నిన్న కళ్ళజోడు కనపడక నోట్‌బుక్కు నా చేతికిచ్చింది. నేనే రాశాను: 'మామ్మగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. నేనూ.'

ఉప్పు సరిపోయిందని మాత్రం ఒప్పుకోలేదు.

నీ మీద ఇంకా కోపం తగ్గని
అక్క