అందరూ షావుకారే

మంగళవారం, రాత్రి.

తల పగిలిపోతోంది. రైస్‌మిల్లు వెబ్ అప్లికేషన్‌కు ఏ లాగిన్ పద్ధతైనా తగిలించుకునేలా రాశాను. పాత పాస్‌వర్డ్ పద్ధతి తీసేసి ఫోన్‌కు వచ్చే ఓటీపీ పద్ధతి పెట్టాను. ఎవరు ఏం ఎక్కించారో తెలియాలని మిల్లు షావుకారు పట్టుబట్టాడు కాబట్టే ఇదంతా. పోతనాళ ఊరి నుంచి వచ్చే వడ్ల లారీల తూకం కంప్యూటర్‌లో ఎవరు తప్పు కొట్టినా, కాటా దగ్గర కూర్చునే రేణుక మీదే పడేది. అందరూ ఆమె పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లేవాళ్లు మరి. తిట్లు మాత్రం ఆమెకు.

ఇవాళ సాయంత్రం చూస్తే ప్రతి ఎంట్రీ పక్కనా షావుకారు పేరే ఉంది. కోడంతా తిరగేశాను. తప్పు అందులో లేదు. అప్లికేషన్ మనిషిని గుర్తుపట్టేది ఫోన్ నంబరుతో. పనివాళ్ల నంబర్లు చేర్చమంటే, ఈయన అందరికీ తన నంబరే చేర్చాడు.

ఫోన్ చేసి అడిగాను.

"వాళ్లను నమ్మొస్తదా? ఓటీపీ నాకే రావాలె. అడిగినోళ్లకు నేను చెప్త. గంతే కదమ్మా," అన్నాడు.

అలా చేస్తే అందరూ మీరే అవుతారని ఎంత చెప్పినా ఎక్కలేదు. గోడకు చెప్పినా నయం.

రేపు పొద్దున్నే వెళ్లి ఎవరి నంబరు వాళ్లకు పెడతానని రేణుకకు ఫోన్‌లో చెప్పాను.

"జర ఆగక్కా," అంది ఆ పిల్ల. "ఇయ్యాల గూడ ఒక తూకం తప్పు పడ్డది. ఎవరు కొట్టిండ్రో చూస్తనని సావుకారు వచ్చిండు. చూసి, ఏమనకుంట లోపలికి పోయిండు."