కిటికీ పక్క సీటు

అక్కా,

అమ్మ మానేశాక చేపల షెడ్డులో ఆమె పని నాకిచ్చారు. పొద్దస్తమానం చేపల పేగులు లాగి తొట్టిలో వేయడమే. పొలుసులు కనుబొమల్లో కూడా అతుక్కుంటున్నాయి. ఎంత సబ్బు రుద్దినా చేతుల కంపు వదలదు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి కంచం పక్కకి నెట్టేస్తున్నాను.

అంతకన్నా రోత అమ్మ సంబరం. "బస్సులో జనం వాళ్ళంతట వాళ్ళే జరుగుతారు కదరా. ఇన్నేళ్ళలో నేను ఒక్కనాడైనా నిలబడి ఇంటికొచ్చానా?" అంటుంది. మొదటిరోజే నా పక్కనున్నాయన ముక్కు మూసుకుని లేచిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

నిన్న కళ్ళ ఆసుపత్రి నుంచి వస్తూ అమ్మ అదే బస్సులో ఉంది. ఇప్పుడు ఒంటికి వాసన లేదుగా, ఎవరూ చోటివ్వలేదు. పాపం, కడ్డీ పట్టుకుని వేలాడుతోంది. నేనెక్కగానే "మావాడొచ్చాడు, జరగండి" అంటూ నన్ను ముందుకు తోసింది. క్షణంలో సీటు ఖాళీ. నన్ను కిటికీ పక్కకి నెట్టి, తను దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"చెప్పానా" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. దిక్కుమాలిన నవ్వొకటి, ఆపుకోలేకపోయాను.

బావ చూస్తానన్న ఉద్యోగం సంగతి కాస్త తొందరపెట్టు. ఆలస్యమైతే నాకూ ఈ సీటు వదలబుద్ధి కాదు.

నీ తమ్ముడు