చింతపండుతో తోమిన నల్లా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తుప్పు పట్టదని ప్రకటనలిచ్చి, తుప్పు పట్టే నల్లా అంటగట్టారని నువ్వేసిన కేసు ఇవాళ వినియోగదారుల కోర్టులో విన్నారు. అక్క గుడ్డలో చుట్టిచ్చిన నల్లాను ఉప్పల్‌లోని మీ ఇంటి నుంచి అలాగే పట్టుకెళ్లాను. జడ్జి ముందు విప్పితే అద్దంలా మెరిసింది.

"తుప్పేది సార్?" అని కంపెనీ వకీలు ఇకిలించాడు. వాడి పళ్లకు పట్టిన గార చూపిద్దామనిపించింది. కేసు కొట్టేశారు. నువ్వు అబద్ధాలకోరువన్న కంపెనీ మాటే నిలిచింది.

మీ ఇంటికొచ్చి తుప్పేమైందని అక్కను అడిగాను.

"కోర్టుకు గలీజుగ తీస్కపోతరారా? మీ బావ ఇజ్జత్ ఏం గావాలె? చింతపండేసి తోమిన. కేసేమైంది?"

మా నాచారమంతా నా నోటికి జడుస్తుంది. అక్క ముందు మాత్రం అబద్ధమాడాను.

"వాయిదా పడ్డదక్కా."

"మంచిగైంది. మూలకు జర మరక మిగిలింది. గది గూడ పోగొడ్త."