తొమ్మిది మేకుల టెంటు

ఏమండీ,

మీరు దూరంగా ఒంటరిగా ఎలా తింటున్నారో, ఏమిటో. మన చంటిగాడు కొండ ఎక్కుతూ ప్రాణం పోగొట్టుకున్నాక, వాడి సామాను కళ్లబడితే ఇంట్లో అడుగు పెట్టలేనన్నారు. సెలవులకూ రాలేదు. అందుకే అన్నీ పాత సామాన్ల కొట్లో అమ్మకానికి పెట్టాను.

"నోటికొచ్చిన ధర చెప్పెయ్యమ్మా" అన్నాడు కొట్టాయన. నేనా అలా చెప్పేది? కొన్న ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో లోపానికీ తగ్గించుకుంటూ వచ్చాను. బూట్ల అడుగులు అరిగాయి, పావు ధరే. తాడు మాత్రం అమ్మలేదు. ఎంత నలిగిందో తెలియని తాడుకి ఇంకొకరి బిడ్డ వేలాడకూడదు. కత్తిరించేశాను. టెంటుకి ఎడమ జిప్పు పట్టేస్తుంది, పది మేకుల్లో ఒకటి లేదు. రెండూ చీటీ మీద రాయించాను.

అన్నీ పోగానే రండి.

మీరు పేరు పెట్టిన
గుమాస్తా

*

ప్రియమైన గుమాస్తాకి,

నువ్విలా తగ్గించుకుంటూ పోతే కొట్టాయన దివాలా తీస్తాడే! మంచి పని చేశావు. టెంటు ఇంకా ఉందా? రావడం సంగతి తర్వాత చూద్దాం.

నీ
నేను

*

ఏమండీ,

అన్నీ పోయాయి. టెంటుని ఎవరో పైఊరాయన తెప్పించుకున్నాడట. జిప్పు సంగతి చెప్పినా బేరం ఆడలేదట. ఇప్పుడు అటక మీద గోడ తప్ప ఏమీ కనబడదు. ఇంకా ఎందుకు రారు?

గుమాస్తా

*

ప్రియమైన నీకు,

ఆ పైఊరాయన నేనే. నీకు చెప్పొద్దని కొట్టాయన చేత ఒట్టు వేయించుకున్నాను. కళ్లబడకూడదన్నవాణ్ణే కొనుక్కున్నాను. ఏం చెయ్యను? మంచం గోడకి నిలబెట్టి, తాళ్లు కిటికీకి కట్టి, గదిలోనే టెంటు వేశాను. అందులో పడుకుంటే కాస్త కన్ను మూతపడుతోంది. నువ్వు రాసినట్టే జిప్పు పట్టేస్తోంది.

ఒక్కటే అర్థం కాలేదు. చెంచా కనబడకపోతే ఇల్లంతా తిరగేసేదానివి. వాడి మేకు లేదని అంత తేలిగ్గా ఎలా ఊరుకున్నావు?

నీ
నేను

*

ఏమండీ,

ఊరుకోలేదు. అది నా కుట్టుడబ్బాలో ఉంది. కొసకి అంటిన మట్టి కడగలేదు. మీ కంటబడితే మళ్లీ వెళ్లిపోతారని దారపుండల కింద దాచాను. కొనేవాళ్లని మోసం చేయలేక దాని ఖరీదు తగ్గించాను.

ఇక దాచను. టెంటు విప్పి తీసుకురండి. పెరట్లో నేల మెత్తగానే ఉంది. తొమ్మిదీ మీరు కొట్టండి. పదోది నేను కొడతాను.

మీ
గుమాస్తా