ఇనుపమ్మ ముఖం

బంగారుపాళ్యం
ఏప్రిల్ 1986

అబ్బోడా మునికృష్ణా,

మీ నాయన రాసేది. నేనూ మీ అమ్మా బాగున్నాం. నువ్వూ కోడలు పంకజాక్షీ ఆ మద్రాసు ఎండల్లో ఎట్లా ఉన్నారో ఏమో. నువ్వు బొమ్మలు చేసిన సినిమా చిత్తూరుకు వచ్చింది, చూసి జనం ఏమంటున్నారో ఉన్నదున్నట్టు రాయమన్నావు. పేపరువాళ్ళు ఒకరు ఆహా అన్నారనీ, ఇంకొకరు ఛీ అన్నారనీ, నీకేమీ పాలుపోవడం లేదనీ రాశావు. మా నాయన ముఖస్తుతి చెయ్యడు, అందుకే అడుగుతున్నాను అన్నావు. సరే. అడిగావు కాబట్టి చివరిదాకా చదువు. మధ్యలో చించెయ్యొద్దు.

మ్యాట్నీకి పోయాం. నేను, మీ అమ్మ, మా అక్క అంటే మీ వరదత్త, జాతరలో పలక డప్పు కొట్టే చిన్నబ్బ. గోడ మీద పెద్ద బొమ్మ, కింద 'తీగల నగరం' అని ఎర్రటి అక్షరాలు. "మన మునికృష్ణ సేసిన సినిమా" అని చిన్నబ్బ టికెట్టు చించేవాడికి కూడా చెప్పాడు. నా చెయ్యి మీసం మీదికి పోయింది.

జనం మాట ముందు రాస్తాను. ఇంటర్వెల్‌లో సోడా బండి దగ్గర నిలబడి అందరివీ విన్నాను. కాలేజీ పిల్లగాడు ఒకడు, "తెలుగులో ఇట్లాంటిది రాలేదబ్బా. ఆ లైట్లు సూడు, ఆ వాన సూడు" అన్నాడు. పక్కవాడు, "ఏం సూసేది, అంతా ఇంగ్లీషోళ్ళ కాపీ" అన్నాడు. హీరో అభిమానులకు ఒళ్ళు మంట. హీరో వచ్చేటప్పుడు చల్లడానికి సంచీ నిండా కాగితాలు చించుకుని వచ్చారు పాపం. మీ హీరో మూతికి గుడ్డ కట్టుకుని వానలో వచ్చాడు. వాడే హీరో అని తెలిసేసరికి రెండు ఫైట్లు అయిపోయాయి. "మాయన్న మొగానికి గుడ్డ సుట్టినోడు యాడుండాడ్రా" అని ఒకడు తెరకు చెప్పు చూపించాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన మాత్రం, "సెవి ఎనక తీగ పెట్టి ఆ కంపెనీ ఎట్ట పని సేయిస్తాదో, మా సూపర్‌వైజరూ అట్టనే. తీగొకటే తక్కువ" అని నవ్వాడు. మీ అత్తకు ఆ తీగల సంగతి ఎక్కలేదు. "ఆ ఊళ్ళో వాన నిలిచేదెప్పుడు, వాళ్ళు గుడ్డలు ఆరేసుకునేదెప్పుడు?" అని ఆమె బాధ.

ఇంతవరకూ నాకు కోపం లేదు. నూరేళ్ళ తర్వాత ఊరు అట్లా ఉంటుందంటే ఉండనీ, నేను చూడబోతానా. ఆ కంపెనీ గేటు కాసే ఇనుప ఆడదాన్ని నువ్వే చేశావని చిన్నబ్బ చెప్పాడు. తాటిచెట్టంత మనిషి. జనం అప్పుడే ఇనుపమ్మ అని పేరు పెట్టేశారు. తల మీది నుంచి గడ్డం దాకా రేకు కప్పి ఉంది. ఇంటర్వెల్ అయినాక హీరో ఎదురుపడ్డాడు. అప్పుడు ఆమె ఆ రేకు పైకెత్తింది.

మునికృష్ణా, నేను కుర్చీలో ముందుకు జరిగి చూశాను. వెడల్పాటి నుదురు, కొంచెం వంగిన ముక్కు, ఎడమ చెంప కుడిదాని కంటే నిండుగా. మన గంగమ్మ. ఏటా జాతరకు చెరువు మన్ను తొక్కి, పొట్టు కలిపి, ఉపవాసం ఉండి నేను చేసే ముఖం. మా నాయన చేసిన ముఖం. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నువ్వు నీళ్ళు చల్లిన ముఖం. "ఓరి మునిరామయ్యా, మన గంగమ్మ రా!" అని చిన్నబ్బ హాలంతా దద్దరిల్లేట్టు అరిచాడు. ముందు బెంచీలవాళ్ళంతా వెనక్కు తిరిగి నన్ను చూశారు. హీరో ఇనుప గుంజ ఎత్తి ఆ చెంప మీదికి దూకాడు. ఈలలు. నేను లేచి బయటికి వచ్చేశాను. మీ అమ్మను పిలిచాను. లేవలేదు.

ఊళ్ళో జాతర చివర గంగమ్మ మట్టి చెంప పగలగొట్టి తీసేది మొక్కు చెల్లించడానికి. ఆ మట్టి ఇంటింటికీ పంచుకుంటాం, వడ్ల గాదెలో వేసుకుంటాం. నువ్వు ఆమెను కంపెనీకి కావలి కుక్కను చేసి, మూతికి గుడ్డ కట్టినవాడితో కొట్టించావు. నేను చేసే మట్టి పని ఒక్క వానకు కరిగిపోతుందని మద్రాసుకు పోయే పొద్దు అన్నావు కదా, ఆ కోపం ఇట్లా తీర్చుకున్నావా? ఈ ఏడు జాతరకు రావద్దు. ఆ మన్ను నువ్వు ముట్టొద్దు. ఇది నా మాట.

నీ నాయన,
మునిరామయ్య


బంగారుపాళ్యం
ఏప్రిల్ చివర

మునికృష్ణా,

నీ జవాబు అందింది. మీ అమ్మకు చదివి వినిపించాను. గంగమ్మను అవమానించాలని చెయ్యలేదన్నావు, సంతోషం. కానీ ఆ తర్వాత రాసిన మాట ఏమిటది? "నాయనా, అది అమ్మ ముఖం. జనం భయపడాలి, కానీ వదిలిపెట్టి పోలేకుండా ఉండాలి, అట్లాంటి ముఖం చెయ్యమన్నారు. నాకు తెలిసింది అమ్మ ముఖమే" అంటావా? ఒక తప్పు కప్పిపుచ్చడానికి ఇంకో తప్పా? గంగమ్మ ముఖమేందీ, మీ అమ్మ ముఖమేందీ! ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, మీ అమ్మ ముఖం నాకు తెలియదా? నా చేతులతో చేసే అమ్మవారి ముఖం నాకు తెలియదా? ఒకవేళ నువ్వు చెప్పిందే నిజమైతే అది ఇంకా పాపం. కన్నతల్లిని గోడల మీద ఎక్కించి, కొట్టించి, టికెట్టు పెట్టి చూపిస్తావా?

ఆ మాట చదవగానే మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఏడ్చిందో ఏమో. నేను అడగలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా నా వైపు చూడలేదు.

నా మాట మారలేదు. మన్ను తొక్కడానికి ఊళ్ళో మనుషులు లేకపోలేదు.

మునిరామయ్య


బంగారుపాళ్యం
మే మొదట్లో

అబ్బోడా, నా బంగారు కొండా,

బంగారు కొండా అని పిలిచి ఎన్నేళ్ళయిందో. పిలవాలని ఉంది, పిలిచాను. నువ్వేమీ అనుకోవద్దు. ఇప్పుడు నాకు నిమ్మళంగా ఉంది. ఎందుకో చెప్తాను, నవ్వుకో, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

సినిమాకు జనం తగ్గారని మీ కంపెనీవాళ్ళు షూటింగులో వాడిన ఇనుపమ్మ తలను లారీలో పంపారు కదా. దాన్ని రేకు ఎత్తేసి చిత్తూరు థియేటరు వరండాలో పెట్టారు. అది నీకు తెలిసే ఉంటుంది. తెలియంది ఇంకోటుంది. మొన్న మధ్యాహ్నం థియేటరు మేనేజరు మనిషిని పంపాడు. "మీ ఊరి ఆడోళ్ళు మా బొమ్మను పీకేస్తా ఉండారు, వచ్చి తీసకపో పెద్దాయనా" అని. మీ అమ్మా అత్తా పొద్దున్నే చీరలు కొనడానికని పోయారు. నేను ఉన్న పంచెతోనే బస్సెక్కాను.

పోయి చూస్తే వరండా నిండా మన పక్క పల్లెల ఆడవాళ్ళు. ఇనుపమ్మ ఎడమ చెంప సగం లేదు. లోపల గోనె పట్టా, వెదురు బద్దలు కనపడుతున్నాయి. మీ వరదత్త కొంగులో తెల్లటి పెళ్ళ ముడేసుకుని మేనేజరుతో పోట్లాడుతోంది.

"దుడ్డిచ్చి సినిమా సూసినాం. సెంప తీసినారు. మట్టి తీసుకోగూడదంటే ఎట్టప్పా?"

"అది మట్టి కాదమ్మా, ప్లాస్టరు! అది దేవత కాదు, మిషను!" అని మేనేజరు తల కొట్టుకుంటున్నాడు.

"మిషనో గిషనో, సెంప తీసినాక ఊరికే ఇడిస్తే ఊరికి మంచిది గాదు. నీకు తెలీకుంటే మమ్మల్నడుగు."

నాకు కోపం వచ్చింది. అందరి ముందరా అడిగాను, "అక్కా, నీకు బుద్ధుండాదా? సినిమా బొమ్మను పట్టుకోని గంగమ్మంటావేంది?"

మీ అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గంగమ్మని నేనెప్పుడన్నాన్రా? మన తిరుమలమ్మ మొగం గదా అది. మన గంగమ్మకుండేదీ అదే మొగం గదా."

నాకు అర్థం కాలేదు. "ఎవరి మొగం?"

వరండా అంతా ఒక్కసారి నవ్వు. ఎవరో వెనక నుంచి, "అయ్యో, ఈయప్పకు ఇంకా తెలీదంట!" అన్నారు. అప్పుడు చూశాను, స్తంభం పక్కన తిరుమలమ్మ, మీ అమ్మ. ఆమె కొంగులోనూ ముడి ఉంది. నోట్లో ఆకు వక్క. ఎడమ చెంపలో.

మునికృష్ణా, నేను ఆ చెంపనూ చూశాను, ఇనుపమ్మకు మిగిలిన చెంప ముక్కనూ చూశాను. గంగమ్మ చెంప ఎందుకు నిండుగా ఉండాలని ఎవరైనా అడిగితే, అది అమ్మవారి లక్షణం, మా నాయన నేర్పింది అని గట్టిగా చెప్పేవాణ్ణి. మా నాయన అట్లా నేర్పలేదు. మీ అమ్మ ఆకు వక్క బుగ్గన పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని మన్నులో పొట్టు కలిపేది. నా చెయ్యి అది చూసి పెట్టింది, నా కళ్ళకు చెప్పలేదు.

"నీకు తెలుసునా?" అని మీ అమ్మను అడిగాను.

"నేను కాపరానికొచ్చిన కొత్తలో గంగమ్మకు మీయమ్మ మొగం ఉండె. రెండు మూడేండ్లకు నా మొగం వచ్చె. ఊరంతా నాకు సెప్పి నవ్వింది" అంది.

"నాకెవురూ సెప్పలేదే?"

"నీకు సెప్పి బతికేదెవురు? ముక్కు మింద కోపం. సెప్పుంటే మరుసటేడుకే మార్చేస్తావని నేనే సెప్పొద్దంటిని." అప్పుడు గొంతు తగ్గించి అంది, "నువ్వు పెట్టినప్పుడు లేని తప్పు, బిడ్డ పెడితే వచ్చిందా?"

ఆ పొద్దు నీ జవాబు చదివినప్పుడు ఆమె ఏడవలేదంట, అబ్బోడా. నవ్వు ఆపుకోలేక లోపలికి పోయిందంట.

నేను ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను. సిగ్గు పడాలో ఏం చెయ్యాలో తెలియలేదు. నవ్వే వచ్చింది. మేనేజరుకు నా మీద జాలి కలిగిందో ఏమో, టీ తెప్పించాడు. బొమ్మను ఎవరూ ముట్టకుండా నేను చూసుకుంటాను, నన్ను సినిమా చివరిదాకా చూడనీ అన్నాను. మ్యాట్నీకి లోపలికి పంపాడు. మీ అమ్మను కూడా తీసుకుపోయాను. ఆడవాళ్ళ వైపు పోతానంది. నా పక్కనే కూర్చోమన్నాను.

ఈసారి మొత్తం చూశాను. చెంప పగిలినాక ఆ ఊరి జనం చెవుల వెనక తీగలు ఊడి రాలిపోతాయి కదా, వాన నిలిచిపోతుంది కదా. మొదటిసారి నేను చూడకుండా వచ్చేసింది అదే. ఇనుపమ్మ వంగి, తన కాళ్ళ దగ్గర పడిన ఆ ముక్కను తానే తీసి ఒక పిల్ల చేతికి ఇస్తుంది. హాల్లో ఆడవాళ్ళంతా లేచి చేతులు జోడించారు. కాలేజీవాడొకడు, "అమ్మా, అది మిషన్" అని నవ్వాడు. వాడి పక్కవాడే, "ఉండ్రా, సూడనీ" అని కసిరాడు. హీరో అభిమానులు మాత్రం ఒప్పుకోలేదు. కొట్టినవాడికి కాకుండా కొట్టించుకున్నదానికి దండం పెడతారా అని బయట కూడా గొడవ. ఒకాయన చెత్త సినిమా అన్నాడు. ఇంకొకాయన మళ్ళీ వస్తానన్నాడు. ఆ మేనేజరే, "బాగుండాదో లేదో నాకు తెలీదు పెద్దాయనా, గానీ సూసినోళ్ళు మాట్లాడకుండా యింటికి పోలేదు" అన్నాడు.

నా మాట అడిగావు కదా. పాటలు మూడు ఎక్కువ. కంపెనీ యజమాని మరీ సులభంగా చచ్చాడు. ఆ ఊళ్ళో తిరిగే కార్లు అగ్గిపెట్టెలు తోసినట్టున్నాయి, అవి నువ్వు చేసినవి కాకుంటే బాగుండును. ఇనుపమ్మ మెడ సన్నగా ఉంది, అంత తలను ఆ మెడ మొయ్యదు. ముఖం మాత్రం బాగా చేశావు. నేను చేసినదాని కంటే కూడా. నీ బొమ్మ నవ్వబోయి ఆగినట్టుంటుంది. మీ అమ్మ అట్లానే ఉంటుంది. నేను ఏటా కోపంగానే చేశాను, ఎందుకో మరి.

నేను రాసిన కఠినమైన మాటలు మనసులో పెట్టుకోవద్దు. మన్ను తెప్పించాను, తొక్కడం మొదలుపెట్టాను. నాకు నడుము పట్టేసింది. జాతరకు ముందే బయలుదేరి రా. ఒళ్ళూ చేతులూ నేను చేస్తాను, ఈ ఏడు ముఖం నువ్వు చెయ్యి. కోడలిని తప్పకుండా తీసుకురా. పొట్టు కలపడం మీ అమ్మ నేర్పిస్తానంటోంది. పంకజాక్షిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటావో లేదో నీ ఇష్టం. చివరకు ఎవరి ముఖం వచ్చిందో నేను నీతో చెప్పను. ఊళ్ళో కూడా ఎవరూ చెప్పరులే.

నీ కోసం చూసే నాయన,
మునిరామయ్య