మిరపపండు రంగు చీర

శ్రీసత్య మేడమ్ గారికి,

మీ ఎదుట నిలబడితే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను. నలభై దాటిన ఆడవాళ్ళు సెలవు రోజున ఏం చదవాలో, ఏం కొనుక్కోవాలో, ఏం కట్టుకోవాలో మన పేపరు ఆదివారం పేజీకి రాసి పంపాను. మీరు అడుగడుగునా 'వయసుకు తగ్గ' అనే మాట చేర్చి తిప్పి పంపారు. ఆ మాట ఉన్న చోటల్లా కొట్టేశాను.

పోయిన వారం ద్వారకా నగర్‌లో చీరల కొట్లో మా అమ్మ మిరపపండు రంగు చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది.

"పాపకేనామ్మా? మీకైతే లైట్ కలర్లు ఇటేపున్నాయి," అన్నాడు కొట్టతను, పక్కనున్న నన్ను చూసి.

"పాపకే బాబూ. ఈ వయసులో నాకేటి?" అని నవ్వేసింది అమ్మ.

ఆ చీర ఇప్పుడు నా బీరువాలో ఉంది. అమ్మ రోజూ దాని మడత విప్పి చూసి, మళ్ళీ పెట్టేస్తోంది. ప్రేమ నవలలైతే నా స్కూలు పుస్తకాలకు వేసినట్టు బ్రౌన్ అట్ట వేసి చదువుతుంది.

నిన్న నా వ్యాసం మీ మాటలు లేకుండా అమ్మకు చదివి వినిపించాను.

"ఇది పేపర్లో ఏత్తారేటే?" అంది.

"వేస్తారమ్మా."

"అయితే ఆవేళ ఆ చీర నాను కట్టుకుంటాను."

కాబట్టి వేస్తే ఇలాగే వేయండి. వేయకపోతే జిరాక్సులు తీయించి ఆదివారం పొద్దున్నే మా కంచరపాలెంలో ఇంటింటికీ నేనే పంచుతాను. నాకు మాట రాదు గానీ, కాళ్ళున్నాయి. పక్కన ఆ చీరలో మా అమ్మ ఉంటుంది.

ఇట్లు,
మీ ఆదివారం పేజీ అమ్మాయి